జారుముడి, పీటముడి

వేడి మీద మూత పెడితే కూర ఏడుస్తుంది. అందుకే డబ్బాలత్త నాలుగు డబ్బాలనూ గట్టు మీద వరసగా తెరిచిపెట్టి, పాత అట్టముక్కతో విసురుతోంది. కిటికీ అవతల ఇంకా పూర్తిగా తెల్లారలేదు. పొయ్యి మీద పెనం చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది. ఇల్లంతా నిద్రలో ఉంది, ఒక్క తమ్ముడి గురక తప్ప. దానికి నిద్రంటూ లేదు.

వీధిలో అందరికీ ఆమె డబ్బాలత్తే. మేనకోడలు చిన్నప్పుడు పెట్టిన పేరు, అలాగే అతుక్కుపోయింది. యాభై దాటిన పొట్టి మనిషి. చేతులు మాత్రం ఒంటికి పెద్దవి. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టి మడతపెట్టి వేళ్ళ కణుపులు ఉబ్బిపోయాయి.

వంట అంటూ పెద్దగా ఏమీ లేదు. రాత్రి మిగిలిన పప్పు గట్టిపడితే అందులో ఇంత పిండి, తరిగిన ఉల్లికాడలు కలిపి పల్చటి రొట్టెలు కాల్చింది. ఉడకేసిన బంగాళాదుంపలు కాసిని. కాబేజీ పైఆకులు, అందరూ పారేసేవే, సన్నగా కోసి నూనెలో మగ్గబెట్టింది. "ఇదేం కూరత్తా, భలే ఉంది" అంటూ మేనకోడలు ఏళ్ళ తరబడి తింటోంది గానీ అదేమిటో ఆ పిల్లకి ఈనాటికీ తెలీదు. రెండు గుడ్లు గిలక్కొట్టి, వేయించి, మూడు ముక్కలు చేసి మూడు డబ్బాల్లో సర్దింది. నాలుగో డబ్బాలోకి రొట్టెల అంచులు, పెనానికి అంటుకుని మాడిన పొరలు. త్యాగం అనుకునేరు! కరకరలాడేది ఆమెకి నిజంగానే ఇష్టం. ఆ సంగతి బయటపెడితే ఇంటిల్లిపాదీ మాడు కోసం కొట్టుకుంటారని ఎవరికీ చెప్పలేదు.

అసలు పనితనమంతా ముడిలో ఉంది. లాండ్రీలో చిరిగిపోయి పక్కన పడేసిన దుప్పట్లను అడిగి తెచ్చుకుని, చదరంగా కత్తిరించి, మరదలి చేత అంచులు కుట్టించి, ఆ గుడ్డల్లో డబ్బాలు మూటకడుతుంది. ఎవరి మూటకి వారి ముడి. తమ్ముడిది జారుముడి. రంపపు మిల్లులో కుడిచేతి వేళ్ళు రెండు పోయిన దగ్గర్నుంచి, కొస పట్టి ఒక్క లాగు లాగితే విడిపోయేలా కడుతోంది. మరదలు కుట్టుమిషను దగ్గరే కూర్చుని, ఒక చేత్తో గుడ్డ సర్దుకుంటూ తింటుంది కనక ఆమె మూటకి ముడే లేదు, మెలితిప్పి దోపడమే. మేనకోడలికి కుందేలు చెవుల్లాంటి ముడి. మందుల షాపులో ఉద్యోగానికి వెళ్ళే పిల్లకి ఇంకా ఈ చెవులేమిటని మరదలు నవ్వినా మానలేదు. తనది మాత్రం పీటముడి. కిక్కిరిసిన బస్సులో ఎంత నలిగినా ఊడకుండా, కొసలు లోపలికి తోసి బిగిస్తుంది. దాన్ని విప్పడం ఆమె వేళ్ళకి తప్ప ఇంకెవరికీ చేతకాదు.

ఈ ఇంటికి ఆమె పదిరోజులుండి పోదామని వచ్చింది. కట్టుకున్నవాడు పోయాడు, అత్తింట్లో ఉండమన్నవాళ్ళు లేరు. ఇక్కడ చూస్తే మరదలు పురిటి మంచం మీద ఉంది. మర్నాడు పొద్దున్నే లేచి తమ్ముడికి డబ్బా కట్టింది. ఆ మర్నాడూ కట్టింది. ఎప్పుడెళ్తావని ఎవరూ అడగలేదు, ఉండిపొమ్మనీ ఎవరూ అనలేదు. అప్పుడు పుట్టిన పిల్ల ఇప్పుడు సంపాదిస్తోంది. డబ్బాలు కడుతున్నన్నాళ్ళూ ఈ ఇంట్లో తనకో మూల ఉంటుందని డబ్బాలత్త నమ్మకం. ఆ నమ్మకం మీదే రోజూ చీకట్లో లేస్తుంది.

"వదినా, నీతో ఒక మాట చెప్పాలి." మరదలు జుట్టు చుట్టుకుంటూ వచ్చి గట్టుకి ఆనుకుంది. "రేపట్నించి మిల్లులోనే మధ్యాహ్నం భోజనం పెడతారట మీ తమ్ముడికి. మా కుట్టుషాపు పక్కన మెస్సు తెరిచారు, నేనూ అక్కడే తినేస్తాను. అమ్మాయి ఎలాగూ స్నేహితురాళ్ళతో బయట తింటానంటోంది. ఇంక ఈ డబ్బాలు మానెయ్యి. ఎన్నేళ్ళని ఇలా చీకట్లో లేస్తావు? తెల్లారేదాకా హాయిగా పడుకో."

మరదలు చెడ్డ మనిషి కాదు. ప్రేమగానే అంది. ప్రేమగా అంది కాబట్టే ఎదురు చెప్పడానికి డబ్బాలత్తకి నోరు రాలేదు.

"సరేనమ్మా," అంది. "పడుకుంటాను."

"కోపమా వదినా?"

"కోపం దేనికే, పిచ్చిదానా! ఎడమ జబ్బ కాస్త లాగుతోంది, అంతే."

చేతులు వాటి మానాన అవి మూతలు పెట్టి మూటలు కట్టాయి. మనసు మాత్రం రేపటి పొద్దుటికి వెళ్ళి అక్కడే చతికిలబడింది. లేచి ఏం చెయ్యాలి? ఊరికే కూర్చుని తినే మనిషిని ఎవరైనా ఎన్నాళ్ళని చూస్తారు? తమ్ముడు చెప్పుల్లో కాళ్ళు దూర్చి, ఎప్పటిలాగే ఆమె మొహం చూడకుండానే మూట అందుకుని, "వస్తానక్కా" అని వెళ్ళిపోయాడు.

లాండ్రీలో ఎప్పుడూ ఉండే ఆవిరే, ఎప్పుడూ ఉండే హోరే. దుప్పటికి నాలుగు మూలలు, మనుషులు ఇద్దరు. చెరో రెండు మూలలూ పట్టి వెనక్కి జరిగి విదిలించాలి, ముందుకొచ్చి కలపాలి, మళ్ళీ వెనక్కి. జతమనిషి లావుపాటి ఆడది, నోరు అంతకన్నా పెద్దది. "మా ఆయన మొహం కంటే నీ మొహమే ఎక్కువ చూశానే తల్లీ, నా ఖర్మ!" అంటుంది రోజూ, ఆ రోజే కొత్తగా తోచినట్టు.

"రేపట్నించి మా ఇంట్లో డబ్బాల్లేవు," అంది డబ్బాలత్త.

"అబ్బ, ఏం అదృష్టమే! కాళ్ళు బార్లా చాపుకుని పడుకో."

"పడుకుని?"

"పడుకుని ఏమిటే, పడుకోవడమే!"

డబ్బాలత్త నవ్వలేదు. "ఆ ఇంట్లో నాకింకేం పనుంది చెప్పు. పొమ్మంటే పోవచ్చు. వాళ్ళు పొమ్మనరు. నేను సిగ్గు లేకుండా ఎలా ఉండను?"

దుప్పటి ఇద్దరి మధ్యా పైకి లేచి, జతమనిషి మొహం కాసేపు కనిపించలేదు. మళ్ళీ కనిపించినప్పుడు, "మా ఇంటికొచ్చెయ్. నాకు డబ్బా కట్టు. గిన్నెలు మా ఆయన చేత తోమిస్తా," అంది. ఈసారి ఇద్దరూ నవ్వారు. జబ్బ నొప్పి మెడ దాకా పాకినా డబ్బాలత్త ఆ దుప్పటి పూర్తిగా మడతపెట్టే వదిలింది.

భోజనాల గంట కొట్టారు. ఇస్త్రీ అయి వచ్చిన దుప్పట్ల దొంతర పక్కన బల్ల మీద కూర్చుని ఆమె మూట ఒళ్ళో పెట్టుకుంది. పీటముడి కోసం వేళ్ళు బలం కూడదీసుకున్నాయి. కొస ఇలా పట్టుకుందో లేదో, గుడ్డ మొత్తం విడిపోయి మోకాళ్ళ మీద పడింది.

"నా చేతులు పడిపోను!" అంది.

"ఏమైందే?"

"నా ముడి వాడికి వేసేశాను. వాడి ముడి నాకు వేసుకున్నాను. మూడు వేళ్ళ చేత్తో అదెలా విప్పుతాడు వాడు? చిన్నప్పట్నించీ ఆకలికి ఒక్క క్షణం ఆగలేడే!"

"ఓస్, అంతేనా? పక్కవాడెవడో విప్పుతాడు, లేదంటే కోసుకుంటాడు. మిల్లులో కత్తులకి కరువా? నువ్వు తిను ముందు."

"కొయ్యడు. గుడ్డ పాడుచేశానని నేను తిడతానని కొయ్యడు."

ఇన్నేళ్ళలో ఏనాడూ తప్పని ముడి ఆఖరి రోజున తప్పింది. మానెయ్యమనడానికి ఇంక వేరే కారణం కావాలా అనుకుంది. రొట్టె అంచు ఒకటి తుంచి, నోట్లో పెట్టుకోలేక మళ్ళీ డబ్బాలోనే వేసేసింది. సాయంత్రం వాడు రాగానే ఏదైనా వేడివేడిగా చేసిపెట్టాలి. దానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పరు.

"నువ్వు తిని రా," అంది జతమనిషితో. "ఈ నొప్పి తగ్గేదాకా కాస్త ఒరుగుతాను."

దొంతర ఇంకా వెచ్చగా ఉంది. చెంప దానికి ఆనించి కళ్ళు మూసుకుంది.

మళ్ళీ గంట కొట్టారు. జతమనిషి చేతులు తుడుచుకుంటూ వచ్చి, గుట్టలోంచి ఒక దుప్పటి లాగి, తన రెండు మూలలూ పట్టుకుని నిలబడింది. అవతలి రెండు మూలలూ ఎవరూ పట్టుకోలేదు.

"లెండి, మహారాణీ గారూ," అంది. ఇంకోసారి అంది. దుప్పటి ఆమె చేతుల్లోంచి జారి తడినేల మీద పడింది.

గోడ అవతలే అంత పెద్ద ఆసుపత్రి. డాక్టర్లు పరుగెత్తుకుంటూ వచ్చారు కూడా. అప్పటికే అంతా అయిపోయింది.

కబురు విని తమ్ముడు మిల్లు నుంచి తిన్నగా వచ్చాడు, ఒళ్ళంతా రంపపు పొట్టుతో, చంకలో మూటతో. అక్కని చూస్తున్నంతసేపూ ఆ మూట కింద పెట్టలేదు. శవాన్ని మర్నాడు పొద్దున అప్పగిస్తామన్నారు. అతనూ, మరదలూ, మేనకోడలూ ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. జతమనిషి తోడొచ్చి, డబ్బాలత్త డబ్బా, మడతపెట్టిన గుడ్డ మరదలి చేతికిచ్చి వెళ్ళిపోయింది.

మరదలు మూత తీసి చూసింది. అంచులు, మాడు. గట్టు పక్కనే నేల మీద కూలబడింది. "కాస్త పడుకోమన్నాను గదమ్మా వదినా, ఇలా పడుకోమన్నానా!" అని గుండెలు బాదుకుంది.

"ఆ చెవులు చూసి షాపులో నవ్వుతున్నారని అన్నానమ్మా," అంది కూతురు వెక్కుతూ. "డబ్బా వద్దని నేనెప్పుడన్నాను?"

తమ్ముడు మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

"ఎంత లాగినా రాలేదు. కత్తిచ్చారు, నేనే కొయ్యలేదు. రేపటి భోజనం రుచి చూడమని పళ్ళెం తెచ్చి ముందు పెట్టారు. అదీ తినలేదు. ఇంటికొచ్చి, అక్క చేతే ముడి విప్పించి, నాలుగు తిట్టి, ఎదురుగా కూర్చుని తిందామనుకున్నాను. మిల్లు కూడు నాకొద్దు, రేపూ నువ్వే కట్టు అని చెబుదామనుకున్నాను. పొద్దున్నే చెప్పి చావాల్సింది."

కూతురు ముడి మీద చెయ్యి వేసింది. తండ్రి ఆ చేతిని పక్కకి తీశాడు.

మరదలు కుట్టుపని మనిషి. సూదిమొన దూర్చి మెల్లగా కదిపితే ఎలాంటి ముడైనా వదులవుతుంది. లేచి వెళ్ళి సూది తెచ్చింది కూడా. ముడి దాకా తీసుకెళ్ళి, ఆగి, దాన్ని తిరిగి దారపుబంతికి గుచ్చేసింది. మూటని అతని ఒళ్ళోంచి తీసుకుని, రోజూ పొద్దున అతని డబ్బా ఉండే చోటే గట్టు మీద పెట్టింది. చల్లారిన పెనం పక్కన, విసిరే అట్టముక్క పక్కన, కొసలు రెండూ లోపలికి తోసి బిగించిన తెల్లటి పీటముడి.