రోకలి పడేదాకా

“పుష్పా, రోకలి కడిగి పెట్టు. అడుగున జిడ్డుంటే నిలబడదు.”

అత్తగారు బుల్లెమ్మ ఆ మాటను ఉప్పుడబ్బా అందుకోమన్నంత మామూలుగా అన్నది. ఉప్మాకు ఉల్లిపాయలు తరుగుతున్న పుష్పావతి చెయ్యి కత్తిపీట మీద ఆగిపోయింది. పసుపుకొమ్ములకూ కారానికీ ఆ రోకలిని ఆమె ఎన్నిసార్లు ఎత్తి దించిందో లెక్కలేదు. దాన్ని కడిగి పెట్టమని చెప్పడం మాత్రం ఆరేడేళ్ళ కిందటి ఆ గ్రహణం తరవాత ఇదే మొదటిసారి.

ఎనిమిది గ్రహాలు మకరరాశిలో కలుస్తున్నాయని, లోకానికి మూడిందని నెలరోజులుగా చల్లపల్లి అంతా చెప్పుకుంటున్న ఆదివారం అది. గుడిలో హోమం పొగ, బజారులో భజన, కొట్ల ముందు పలచబడిన జనం. ఇంటి ముందు వసారాలో మాత్రం పుష్పావతి భర్త పిచ్చేశ్వరరావు ఉత్సాహంగా చాపలు పరుస్తున్నాడు. హైస్కూల్లో సైన్సు మాష్టారు ఆయన. ఆదివారం ఆదివారం ఊళ్ళో చదువుకున్న కుర్రవాళ్ళను పోగుచేసి శాస్త్రానికీ సంఘానికీ ఉన్న సంబంధం గురించి చర్చ పెడతాడు. ఆ గోష్ఠికి చుట్టుపక్కల మంచి పేరుంది. బందరు కాలేజీలో చదివేవాళ్ళు కూడా సెలవుకు వచ్చి కూర్చుంటారు. ఈ వారం విషయం గ్రహకూటమి.

లోపల, నడవ చివర ధాన్యం గాదె ఉన్న చీకటిగదిలో అన్నపూర్ణ పడుకుని ఉన్నది. పిచ్చేశ్వరరావు చెల్లెలు. తొలి కానుపుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండాయి. ఎనిమిది గ్రహాలు కలిస్తే అది గ్రహణం కన్నా తక్కువా అని బుల్లెమ్మ కూతురిని తెల్లవారగానే ఆ గదిలో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, కిటికీకి గొంగళి కప్పి, బయట గొళ్ళెం పెట్టింది. పక్కకు తిరగకూడదు, గోకకూడదు, నీళ్ళు తాగకూడదు. ఇక పెరటి వసారాలో ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టాలి. అది నిలబడి ఉన్నంతసేపూ దోషం ఉన్నట్టు. దానంతట అది పడితే విడిచినట్టు.

పొద్దున్నే పుష్పావతి భర్తతో చెప్పింది.

“ఏమండీ, మీరు అత్తయ్యతో ఒక్క మాట చెప్పండి. అన్నపూర్ణను ఆ గదిలో వద్దని.”

ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నాడు: “అమ్మ తృప్తి కోసం ఒక్క పూట, పుష్పా. గ్రహాల వల్ల దానికేమీ కాదు. గదిలో పడుకోవడం వల్లా ఏమీ కాదు.”

“నాకు అయింది కదండీ.”

ఆయన అద్దాలను వెలుగుకు ఎత్తి చూశాడు. ఇంకా ఏదో మరక ఉన్నట్టు మళ్ళీ తుడిచాడు. “చర్చ వేరు, ఇల్లు వేరు. సంఘం మెల్లగా మారాలి. తొందరపడితే విరుగుతుంది. ఇవాళ డికాషన్ కాస్త ఎక్కువ వెయ్యి. ఆడపిల్లలు కూడా ఇద్దరు వస్తున్నారు.”

డికాషన్ ఎక్కువే వేసింది. రోకలీ కడిగింది. పళ్ళెంలో నిలబెట్టింది కూడా ఆమే. బుల్లెమ్మ చేతులకు వణుకు వచ్చి చాలా కాలమైంది.

యాభై అయిదులో జ్యేష్ఠ అమావాస్య నాటి సూర్యగ్రహణం పొద్దుటిపూట పట్టింది. తల్లి లేని పిల్ల కనుక పుష్పావతికి తొలి కానుపు అత్తింట్లోనే అన్నారు. అదే గది, అదే గొంగళి. చీకట్లో వెల్లకిలా పడుకుని ఉంటే పైపెంకుల సందులోంచి రూపాయిబిళ్ళంత వెలుగు ఎదుటి గోడ మీద పడింది. చూస్తూ ఉండగా ఆ వెలుగును ఒక పక్క ఎవరో కొరికినట్టయింది. కొడవలిలా వంపు తిరిగింది. సన్నబడి, సన్నబడి, మళ్ళీ నిండుకుంటూ వచ్చింది. సందులోంచి వచ్చే వెలుగు సూర్యుడి బొమ్మేనని, గ్రహణం తన ఎదుటి గోడ మీదే పట్టి తన ఎదుటే విడిచిందని ఆమెకు అప్పుడు తెలియదు. తరవాతెప్పుడో ఒక ఆదివారం భర్త ఆ సంగతి కుర్రవాళ్ళకు చెబుతుంటే కాఫీగ్లాసులు పట్టుకుని తలుపు వెనక నిలబడి వింది. విని, గ్లాసులు నేల మీద పెట్టి, అక్కడే కూర్చుండిపోయింది. ఆ రోజు మాత్రం నొప్పి ఒక్కటే తెలిసింది. ఉమ్మనీరు పోయింది. అత్తయ్యా అని పిలిచింది. వెలుగు గుండ్రంగా అయింది అత్తయ్యా, తలుపు తియ్యండి అన్నది. రోకలి నిలబడే ఉందమ్మా, కదలకు, నీ మంచికే చెబుతున్నాను అన్నది బుల్లెమ్మ తలుపుకు అటుపక్క నుంచి. ఆవిడా ఏడుస్తూనే ఉన్నది. మంత్రసాని గుమ్మం అవతల కూర్చుని ఉన్నది. స్కూలు ఆవరణలో పిల్లలు మసి పట్టించిన గాజుపలకల్లోంచి చూడటం ముగించి, మాష్టారు పంచిన అటుకులూ బెల్లమూ తిని, ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయి కూడా చాలాసేపయింది. అప్పుడు పెరట్లో దూడ మెడగంట వినిపించింది. వెంటనే రోకలి పడిన చప్పుడు. విడిచింది, విడిచింది అంటూ బుల్లెమ్మ గొళ్ళెం తీసింది.

ఆడపిల్ల. ఏడవలేదు. కాలవగట్టు మీద పూడ్చి వచ్చారు.

“కదిలి ఉంటావు. కదలకుండా ఉంటే ఇలా అయ్యేది కాదు” అన్నది బుల్లెమ్మ, తిడుతున్నట్టు కాదు, జాలిగా. చూడవచ్చిన వాళ్ళందరూ ఆ మాటే అన్నారు. పిచ్చేశ్వరరావు పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆయన వేళ్ళకు గాజుపలకల మసి ఇంకా ఉన్నది. ఆయన కదిలావని అనలేదు. కదలడానికీ దీనికీ సంబంధం లేదనీ అనలేదు. ఆ వేళ్ళ ముద్ర ఆమె మణికట్టు మీద సాయంత్రం దాకా ఉండి, నీళ్ళు పోసినప్పుడు పోయింది.

ఆ తరవాత ఆమెకు ఒక అలవాటు మొదలైంది. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నాలు పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టేది. దాని అడుగున తొడిగిన ఇనపపొన్ను చదునుగా ఉన్నది. రెండు చేతులతో పట్టుకుని, బరువు ఎటు ఒరుగుతున్నదో కనిపెట్టి, మెల్లగా వేళ్ళు వదిలితే నిలబడేది. ఏ గ్రహణమూ లేని బుధవారం నిలబడేది. ఏకాదశినాడు నిలబడేది. చాకిరేవుకు బట్టలు వేసిన రోజు, వానపడిన రోజు నిలబడేది. తానై తోస్తే తప్ప పడేది కాదు. నిలబడినంతసేపూ ఆమెకు ఆ గదివైపు చూడాలంటే భయంగా ఉండేది. లోపల ఎవరో వెల్లకిలా పడుకుని, కదలకుండా, తన అనుమతి కోసం చూస్తున్నట్టు ఉండేది.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి మాటలు లేక కాదు. కదిలినందువల్ల పిల్ల పోయిందన్న మాటలో ఒక ఆశ్రయం ఉన్నది. తప్పు తనది అయితే ఇల్లు ఇల్లుగానే ఉంటుంది. తాను కదలలేదన్న నిజం బయటికి వస్తే, మరి ఎందువల్ల పోయిందన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న వచ్చాక ఎవరికి అన్నం వడ్డించాలన్నా చెయ్యి ఆగుతుంది. నిజం తెలిసిన మనిషి దాన్ని మోస్తూ మామూలుగా బతకగలదా, లేక ఆ మామూలుతనమే అబద్ధమా? ఈ ప్రశ్నతోనే ఆమె ఇన్ని ఆదివారాలూ కాఫీ కలిపింది.

ముందువసారాలో నవ్వులు మొదలయ్యాయి.

“మా కాంతారావు బాబాయి మినపచేను పీకించడం లేదు మాష్టారూ. సోమవారానికి లోకమే ఉండదు, కూలి దండగ అంటున్నాడు.” ఆ గొంతు విల్సన్‌ది. బందరులో బి.ఎస్సీ. చదువుతున్నాడు.

“మరి నువ్వేమంటావురా?”

“మార్చిలో నాకు పరీక్షలండీ. లోకం పోతే లాభపడేవాణ్ణి నేనొక్కణ్ణే.”

అందరూ నవ్వారు. పిచ్చేశ్వరరావూ నవ్వి, గొంతు సవరించుకున్నాడు. “నవ్వడం తేలిక. గ్రహాలు ఎంత దూరంలో ఉన్నాయో మీకు తెలుసు. అది పుస్తకంలో ఉన్నది. ఈ భయాన్ని మన ఇళ్ళలో ఎలా ఎదుర్కోవాలి అన్నది ఏ పుస్తకంలోనూ లేదు. అది మీరు చెప్పాలి.”

“ఎవరి ఇంట్లోనండీ?” అని ఒక ఆడపిల్ల అడిగింది.

“ఎవరి ఇంట్లో వాళ్ళం, సూర్యకుమారీ.”

మంచి జవాబు అనుకున్నది పుష్పావతి, తలుపు వెనక. చాలా మంచి జవాబు. అది గడప దాటి ఇటు రావడానికి ఎన్ని ఆదివారాలు పడుతుంది?

కాసేపటికి ఆ సూర్యకుమారే వంటింట్లోకి వచ్చింది. పొడవాటి పిల్ల. జడ ముందుకు వేసుకుని ఉన్నది.

“గ్లాసులు నన్ను తెమ్మన్నారు పిన్నిగారూ. వాళ్ళేమో సంఘాన్ని మారుస్తున్నారు, మధ్యలో లేస్తే పాడవుతుందట.”

పుష్పావతికి నవ్వు వచ్చింది. ఆ పిల్ల గ్లాసుల పళ్ళెం అందుకోబోతూ పెరటివైపు చూసి ఆగింది. వసారాలో రోకలి నిటారుగా నిలబడి ఉన్నది. దాని ఎదురుగా బుల్లెమ్మ పీట మీద కూర్చుని పెదవులు కదుపుతున్నది.

“ఇదేమిటండీ? మాష్టారి ఇంట్లో కూడానా?”

ఆ మాటకు పుష్పావతి సిగ్గుపడవలసింది. సిగ్గు రాలేదు. ఎవరో తన ఇంటిని మొదటిసారి చూశారనిపించింది.

అప్పుడే గదిలోంచి పిలుపు వచ్చింది.

“వదినా... నడుం లాగేస్తోంది వదినా.”

“కదలకే తల్లీ” అన్నది బుల్లెమ్మ. “కాస్త ఓర్చుకో. రోకలి పడనీ.”

“గోడ మీద వెలుగు గుండ్రంగానే ఉంది. పొద్దున పడుకునేటప్పుడు నువ్వు చూడమన్నావుగా వదినా. గుండ్రంగానే ఉంది.”

పుష్పావతి పెరటి వసారాలోకి వెళ్ళింది. రోకలి పక్కన నిలబడింది. నీళ్ళలో దాని నీడ కూడా కదలడం లేదు. కాలి బొటనవేలితో తాకితే చాలు. పడుతుంది. పడింది అత్తయ్యా అంటే బుల్లెమ్మే పరుగున వెళ్ళి గొళ్ళెం తీస్తుంది. ఎవరి మనసూ నొచ్చుకోదు. ఆ రోజు ఎవరైనా ఆ పని చేసి ఉంటే బాగుండునని ఆమె ఎన్ని రాత్రులు అనుకోలేదు? ఒక దూడ చేసిన పని ఒక మనిషి ముందుగా చేసి ఉంటే! కాలు కొద్దిగా ముందుకు జరిగింది కూడా. అక్కడ ఆగింది. తాను తోస్తే తలుపు తెరుచుకుంటుంది. కానీ తెరిచింది రోకలే అవుతుంది. రేపు అన్నపూర్ణ కూతురికీ, ఎల్లుండి ఆ కూతురి కూతురికీ ఇదే రోకలి అనుమతి ఇవ్వాలి. తన పిల్ల ఆ గదిలో అలాగే ఉండిపోతుంది, కదిలిన తల్లికి పుట్టిన పిల్లగా.

ఆమె కాలు వెనక్కు తీసుకుంది. చీర కుచ్చెళ్ళు కూడా తగలకుండా దగ్గరికి పట్టుకుని, రోకలిని చుట్టి వెళ్ళి, గది గొళ్ళెం మీద చెయ్యి వేసింది.

బుల్లెమ్మ వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. “వద్దే. అదింకా పడలేదు. నీకు ఒకసారి అయింది చాలదా? నా కూతురికి కూడానా?”

“అయింది గనుకనే అత్తయ్యా” అన్నది పుష్పావతి. తన గొంతు తనకే నెమ్మదిగా, దూరంగా వినిపించింది. “ఆ రోజు నేను కదల్లేదు.”

బుల్లెమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే సడలాయి. పీట దగ్గరికి వెళ్ళలేక అక్కడే గోడకు చేరబడింది.

తలుపు తెరిచాక వెలుగు లోపలికి వచ్చి గోడ మీది చుక్కను చెరిపేసింది. పుష్పావతి చెంబుతో నీళ్ళు అందించింది. అన్నపూర్ణ గుక్కతిప్పుకోకుండా తాగింది. పుష్పావతి పొడిబట్టలు సంచిలో పెట్టి సూర్యకుమారికి ఇచ్చి, ఆమెను లేవదీసి, నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. రిక్షా దొరికితే డాక్టరమ్మగారి దగ్గరికి ఎంతో దూరం లేదు. వీధిలోకి వెళ్ళాలంటే ముందువసారా దాటే వెళ్ళాలి. ఇంకో దారి లేదు.

వసారాలో విల్సన్ ఏదో చెబుతున్నాడు. గుమ్మంలో ముగ్గురు ఆడవాళ్ళను చూసి మాట ఆపాడు. కుర్రవాళ్ళు లేచి చాపలు పక్కకు లాగి దారి ఇచ్చారు. పిచ్చేశ్వరరావు జవాబు చెప్పబోయి ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి చెల్లెలి ముఖం వైపూ భార్య ముఖం వైపూ చూశాడు. ఆలోచించుకుని ఉంటే ఆ మాట అనేవాడు కాదు. ఆలోచించకముందే వచ్చేసింది.

“ఏమిటి పుష్పా, అప్పుడే రోకలి పడిందా?”

ఎవరూ నవ్వలేదు. సూర్యకుమారి తల దించుకుంది. ఆయన చెయ్యి మెల్లగా కిందికి దిగింది. బజారులోంచి భజన వినిపిస్తున్నది.

పుష్పావతి అన్నపూర్ణను మొదటి మెట్టు దింపి, ఆమె కాలు నేల మీద ఆనేదాకా ఆగి, అప్పుడు వెనక్కు తిరిగింది. ఆయన కళ్ళజోడు ఎంతో శుభ్రంగా ఉన్నది.

“లేదండీ, నిలబడే ఉంది. గది తలుపు మాత్రం తెరిచి ఉంది. పిల్లల్ని లోపలికి తీసుకెళ్ళి రెండూ చూపించండి.”