నాలుగువందల కింద ఉన్నది

నేను ఒక నాలుగడుగుల ఎత్తు చెక్క పలకను. ఒంటినిండా పచ్చ గుడ్డ, దానిమీద అంగుళానికొక తెల్లగీత. ఒంగోలులో బోరు మోటార్లు అమ్మే కంపెనీ ఆఫీసు గోడకు పన్నెండేళ్లు వేలాడాను. ఏడాదిలో ఎవరు ఎన్ని అమ్మారో చూపించడం నా పని. ఒక మోటారుకు ఒక అంగుళం రిబ్బను. పోయినేడాదిది పసుపు, ఈ ఏడాదిది ఎరుపు. ఎక్కువ అమ్మినవాడు ఎడమ చివర, తక్కువ అమ్మినవాడు కుడి చివర.

నన్ను చేసిన వడ్రంగి లెక్క విని నవ్వాడు. "నాలుగొందల అంగుళాల పలకంటే మీ కప్పు లేపాల సార్!"

మేనేజరు సుదర్శనంగారు కాసేపు గోడవైపు చూశారు. "మనోళ్లెవరూ నాలుగొందలకు తగ్గరు. అక్కణ్ణించే మొదలెట్టు. కిందిదంతా అందరికీ ఉండేదే గదా."

అలా నా అడుగుగీత, అంటే అన్నిటికన్నా కింది గీత, నాలుగువందల దగ్గర పుట్టింది. నేను దాన్నే నేల అనుకున్నాను. పుట్టినప్పటినుంచీ కాళ్లకింద ఉన్నదాన్ని ఎవరు అనుమానిస్తారు?

మార్చి చివర అందరూ నా ముందు నిలబడేవారు. ఎవరి అంకె వాళ్లకు కంఠస్థమే. అయినా రిబ్బను చూడగానే అంకె మరిచిపోయేవారు. దాని పొడవును బట్టి భుజాలు లేచేవి, కుంగేవి. చివరి రిబ్బను ఎవరిదైతే వాళ్ల ఏరియా మొదటివాడికిచ్చి, చివరివాణ్ణి గోడౌనులో కూర్చోబెట్టడం అక్కడి ఆనవాయితీ.

ఒక ఏడు అందరికన్నా ఎక్కువగా అంకినీడు నాలుగువందల నలభై అమ్మాడు. దానియేలు అందరికన్నా తక్కువ, నాలుగువందల పన్నెండు. నా మీద అది నలభై అంగుళాలు, పన్నెండు అంగుళాలు.

"దానియేలన్నా, నీ రిబ్బను పిలకజడకు కూడా చాలదే!" అన్నాడు అంకినీడు. అందరూ నవ్వారు.

"ఏందయ్యా ఇది? అంకినీడుదాంట్లో మూడో వంతు కూడా లేదు. కనిగిరి ఆయనకిచ్చెయ్. కాయితం రాసియ్యి," అన్నారు సుదర్శనంగారు.

దానియేలు పంతొమ్మిదేళ్లుగా కనిగిరి ఎర్రమట్టిలో తిరుగుతున్న మనిషి. ఏ బోరు ఎంత లోతో, ఏది ఏ నెలలో ఎండుతుందో ఆయనకు తెలుసు. అలాంటివాడు నా దగ్గరికొచ్చి, తన రిబ్బను జానతో కొలిచాడు. జానెడున్నర కూడా లేదు.

"నిజమే సార్. నేనే ఎక్కడో తగ్గిపోయాను," అని కలం అందుకున్నాడు.

తన అంకె తెలిసి కూడా ఆయన నన్నే నమ్మాడు. ఆ నమ్మకం బరువు నాకు మొదటిసారి తెలిసింది.

"ఆగన్నా," అంది నూర్జహాన్. ఏటా రిబ్బన్లు కొలిచి కత్తిరించే గుమాస్తా ఆమె. "సార్, కింద వదిలేసిన రిబ్బను సంగతేంది?"

"ఏ రిబ్బనమ్మా?"

"నాలుగొందల అంగుళాలు సార్. ఇద్దరిదీ."

ఆమె బీరువాలోంచి ఎర్ర రిబ్బను చుట్టలు తెచ్చి, కొలిచి, నా అడుగుగీత దగ్గర గుచ్చి వదిలింది. అంకినీడు రిబ్బను గోడ దిగింది. బల్లల కిందినుంచి పాకి, గడప దాటి, వరండా మెట్లు దిగి స్కూటర్ల దగ్గర ఆగింది. దానియేలుదీ ఆ పక్కనే పారి, సరిగ్గా అక్కడే ఆగింది. పైన తేడా చెక్కుచెదరలేదు, అదే ఇరవై ఎనిమిది అంగుళాలు. కానీ అంత పొడవు మీద దాన్ని వెతుక్కోవాల్సి వచ్చింది.

నా కింద ఇంత ఉందని నాకే తెలియదు. నేలనుకున్నది నడుము అయింది.

సుదర్శనంగారు చెప్పులు విడిచి, తొక్కకుండా రిబ్బన్ల వెంట బయటికి నడిచారు. స్కూటర్ల దగ్గర దానియేలు అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో అంగుళం మీద వేలు జరుపుతున్నాడు.

"ఇది మాలకొండయ్య బోరు సార్, మూడొందల అడుగులు. ఇది ఆదెమ్మది. నీళ్లు పడినరోజు ఏడ్చింది. ఇది..."

గడప దాకా పేర్లు వస్తూనే ఉన్నాయి. అక్కడ సుదర్శనంగారు ఆయన భుజం పట్టి లేపారు.

"లేవయ్యా. కనిగిరి నువ్వే చూసుకో."

తర్వాత కంప్యూటరు వచ్చింది. చివరివాణ్ణి గోడౌనులో కూర్చోబెట్టే ఆనవాయితీ ఆఖరికి నా మీదే అమలైంది. మోటారు పెట్టెల మీద ఆనుకుని ఉంటాను. ఒంటిమీద గుండుసూదుల చిల్లులు తప్ప ఏమీ లేవు.

సరుకు కోసం వచ్చినప్పుడల్లా దానియేలు నా అడుగుగీతను వేలితో తాకుతాడు. ఆ వేలు గీత దగ్గర ఆగదు. కింద ఏమీ లేని చోటికి జారి, మెల్లగా నేలదాకా పోతుంది.