అడగకముందే ఆమెన్

శనివారం మధ్యాహ్నం సికింద్రాబాద్‌లోని ఆ డిగ్రీ కాలేజీ స్టాఫ్‌రూమ్ ముందు పిల్లలు వరుస కట్టేవారు. ఒక్కో లెక్చరర్‌కు కొంతమంది పిల్లల బాగోగులు అప్పగించడం అక్కడి పద్ధతి. ఇంగ్లీషు చెప్పే మేబెల్ గారి దగ్గర వరుస చకచకా కదిలేది. వచ్చిన బిడ్డ భుజం మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, చిన్న ప్రార్థన చేసి పంపేవారు ఆమె. ఆ ప్రేమలో కల్తీ లేదు. అందుకే అందులోని లోపం ఎవరి కంటికీ ఆనలేదు.

బి.యస్సీ. మొదటి సంవత్సరం విద్యార్థి పర్వతాలు జువాలజీ ల్యాబుకు రావడం లేదని ఆ సబ్జెక్టు చెప్పే బ్రహ్మచారి మాస్టారు ఫిర్యాదు చేశారు.

"క్లాసులో ముందు బెంచీ. ల్యాబు అనగానే మాయం. ఒట్టి బద్ధకం మేడం వాడికి!"

మేబెల్ తనకు అప్పగించిన పిల్లల్లో ఒకడైన పర్వతాలును పిలిపించారు. "ప్రభువా, ఈ బిడ్డ బద్ధకాన్ని తీసివెయ్యి, శ్రద్ధనివ్వు" అని ప్రార్థించారు. వాడు తల వంచుకుని "ఆమెన్" అని వెళ్ళిపోయాడు. మరుసటి శనివారమూ అంతే.

ఆ తర్వాతి శనివారం వాడు పిలవకుండానే వచ్చాడు.

"మేడం, టీసీ ఇప్పియ్యుండ్రి. సదువు బంద్ చేస్త."

ఆమె అలవాటుగా చెయ్యి ఎత్తారు. వాడు వెనక్కి జరిగాడు.

"వద్దు మేడం. నాకు బద్ధకమని దేవునికి మీరే చెప్పిండ్రు. ఇగ నేనేం చెప్పాలె?"

స్టాఫ్‌రూమ్‌లో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. "చూశారా, ఎదురు సమాధానం!" అన్నారు బ్రహ్మచారి. మేబెల్‌కూ ముందు కోపమే వచ్చింది. కానీ వాడి మాట గుచ్చుకుని, ఎత్తిన చెయ్యి దించారు. వాణ్ణి పక్కనున్న ఖాళీ క్లాసుగదిలోకి తీసుకెళ్ళి, బెంచీ మీద తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు.

"చెప్పు నాన్నా. వింటాను."

వాడు బెంచీ అంచును గోటితో గీకుతూ మొదలుపెట్టాడు.

"కప్పను కోయాలంటే చేతులు వణుకుతయి మేడం. కప్పలకు పోసే మందు వాసనకు కండ్లు తిరుగుతయి. ఒకసారి కింద పడబోయిన."

"ఆ ముక్క మాస్టారితో అనొచ్చుగా?"

"ఎట్ల అనాలె? తిరుమలగిరిల మాది మటన్ దుకాణం. మా నాయిన కత్తి పట్టిండంటే బజారంత నిలబడి చూస్తది. ఆయన కొడుకు కప్పకు భయపడ్డడంటే దోస్తులు సుత నన్ను బతకనియ్యరు."

మేబెల్‌కు నవ్వు రాబోయి, వాడి కళ్ళు చూశాక ఆగిపోయింది.

"మరి నీకేది ఇష్టం?"

ఇన్నేళ్ళలో ఆమె ఏ విద్యార్థినీ ఆ మాట అడగలేదు.

"మొక్కలు మేడం. బాటనీ ల్యాబుల నుంచి ఎల్లగొట్టినా పోను."

గ్రూపు మార్చుకోవడానికి సోమవారమే ఆఖరు. మేబెల్ వాణ్ణి వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి నడిచారు. బాటనీ అలాగే ఉండి, జువాలజీ బదులు మైక్రోబయాలజీ ఉన్న గ్రూపులో చోటు దొరికింది.

"మీ నాన్నగారితో నేను మాట్లాడనా?"

"వద్దు మేడం, నేనే చెప్త. జెర ఆయన చేతిల కత్తి లేనప్పుడు జూసి."

ఈసారి ఇద్దరూ నవ్వారు.

సంగతి తెలిసి బ్రహ్మచారి నొచ్చుకున్నారు. "నాతో ఒక్క ముక్క అనలేదే! మీరెలా కనిపెట్టారు మేడం?"

"కనిపెట్టడానికేముందండీ, వాడే చెప్పాడు. నేనే ఆలస్యంగా విన్నాను. ఇంకాస్త ఆలస్యమైతే ఒక మంచి విద్యార్థికి సోమరి అని పేరు పెట్టి మన చేతులతోనే ఇంటికి పంపేవాళ్ళం. పిల్లలకు దారి చెప్పవలసినవాళ్ళం, ముందు వాళ్ళను మాట్లాడనివ్వాలి."