పలక ఉన్న చోటే పని

తిరుపతిలోని మా యూనివర్సిటీ గ్రంథాలయంలో సామాజిక న్యాయ భాండాగారం పెట్టాలని నిర్ణయించినప్పుడు, దానికి క్యూరేటర్‌గా నన్ను ఎందుకు ఎంచుకున్నారో డైరెక్టర్ ఆచార్య కృష్ణమూర్తి గారు సమావేశంలో అందరి ముందూ చెప్పారు.

"మునిచంద్రది నగరి, నేతగాళ్ళ బిడ్డ. అంటరానితనం పాటించిన కులమూ కాదు, పడిన కులమూ కాదు. ఈ విషయంలో ఇతనికి ఏ భావమూ ఉండదు."

నగరిలో మా వీధి పంపు దగ్గర వాడవాళ్ళ బిందెలకు ఏం జరిగేదో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. అయినా తల వంచుకుని ఆ మెప్పును స్వీకరించాను. ఏ భావమూ లేదన్న కారణంగా మనిషికి పదవి రావడం నేను సైకాలజీ ఎం.ఏ.లో ఎక్కడా చదవలేదు. ఆ డిగ్రీతో ఉద్యోగం దొరక్క లైబ్రరీ సైన్సు చదివి ఇక్కడ చేరినవాణ్ణి.

నిజానికి ఆ పని జోయల్‌ది. అతను మా అసిస్టెంట్ లైబ్రేరియన్. ఈ జిల్లా దళిత వాడల చరిత్ర మీదే పీహెచ్.డీ. చేశాడు. "జోయల్‌కు విషయం తెలుసు, కాదనను. కానీ అతను ఆ వర్గం మనిషి, ఆవేశపడతాడు" అన్నారు కృష్ణమూర్తి గారు. జోయల్ ఆవేశపడలేదు. ఆవేశపడితే ఆయన మాట నిజమవుతుంది. సమావేశం అయ్యాక వరండాలో నా భుజం తట్టాడు.

"నేను సరుకు, నువ్వు అంగడోనివి. సరుకే పోయి గల్లాపెట్టె కాడ కూసుంటే ఎట్లబ్బా?"

భాండాగారానికి విరిగిన కుర్చీలు దాచే గది ఇచ్చారు. కిందటిసారి ఢిల్లీ నుంచి వచ్చిన తనిఖీ కమిటీ "సమాజం కోసం మీ గ్రంథాలయం ఏం చేసింది?" అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదట. ఈసారి గది నిండా జవాబులుండాలన్నారు. ఏసీ పెట్టించారు, అద్దాల బీరువాలు తెప్పించారు. నేను ఊళ్ళ మీద పడ్డాను.

ఒంటరిగా ఉండేవాడికి ఇలాంటి పని నచ్చుతుంది. వస్తువు తెచ్చి, తుడిచి, చీటీ అంటించి, అద్దం వెనక పెడతాం. చీటీ పడ్డాక ఎంత చెడ్డ వస్తువైనా బుద్ధిగా కూర్చుంటుంది. మనుషుల విషయంలో ఆ సౌకర్యం లేదు. కాణిపాకం దారిలో ఒక టీ అంగడాయనను, వాడవాళ్ళ కోసం వేరుగా పెట్టే గ్లాసు ఒకటి ఇవ్వమని అడిగాను. "అవన్నీ యాడుండాయి సార్, ఇప్పుడందురికీ పేపర్ కప్పే. పీడా పొయ్యింది" అన్నాడు సంతోషంగా. ఆ పేపర్ కప్పునే తెచ్చాను. కృష్ణమూర్తి గారు వద్దన్నారు. దానికి ప్రాచీనత లేదట.

ఆయనకు ప్రాచీనత ఉన్నది ఒకటి దొరికింది. ఐరాల దగ్గరి పల్లె నుంచి చెంగయ్య పలక ఇస్తానన్నాడని జోయల్ కబురు తెచ్చాడు. గుండ్రటి చెక్క చట్రానికి తోలు బిగించి, చంకన తగిలించుకుని పుల్లలతో వాయిస్తారే, ఆ పలక. మంటకు చూపిస్తేనే తోలు బిగుసుకుని పలుకుతుంది. ఈ జిల్లాలో దాని చప్పుడు వినకుండా ఎవరూ కాటికి పోరు.

ఎస్సీ కాలనీలో చెంగయ్య ఇంటి ముందు కూర్చున్నాను. ఆయనకు అరవై దాటి ఉంటాయి. అటక మీద నుంచి పలక దించి, దుమ్ము కూడా దులపకుండా నా చేతిలో పెట్టాడు.

"ఒగటే అడగతా సార్. అద్దాల బీరువాలో పెట్టినాంక మళ్ళ బయటికి తీస్తారా?"

"తీయం. అలా నియమం ఉంది. ఎవరూ ముట్టుకోకూడదు."

"ఎవురూనా?"

"ఎవరూ."

"పెద్ద పెద్దోళ్ళొచ్చి అడిగినా?"

"ఎవరొచ్చినా అంతే, పెద్దాయనా."

"ఆ మాట బీరువా మింద రాసి పెట్టండి సార్. పెద్దక్షరాల్తో."

అంత పట్టుదల ఎందుకని అడిగాను. ఆయన వీధి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఊర్లో పెద్దింటి ముసలామె మంచాన పడిండాది. ఆయమ్మ మొగుడి సావుకు మా నాయన కొట్టినాడు. రేపు ఈమెకు నన్ను కొట్టమంటారు. సారాయి పోసి, అట్ల కొట్టరా, ఇట్ల ఎగరరా అంటారు. నా మనవరాలు చిత్తూర్లో నర్సు సదవతాండాది సార్, ఆ బిడ్డ సూస్తా ఉండంగా నేనెగరల్లనా? కొట్టనంటే మాటొస్తాది. నా కొడుకు వాళ్ళ మడే కౌలుకు సేస్తాండాడు."

"మరి పలక ఇచ్చేస్తే?"

"మా ఊరి కట్టుబాటు ఏందంటే, పలక యాడుంటే పని ఆడుంటాది. ఏ ఇంట్లో పలకుంటే ఆ ఇంటోళ్ళే సావుకు పోవల్ల. ఇంగొకరు పట్టుకోగూడదు. ఇంట్లో పలకే లేదంటే నన్నెవురు పిలుస్తారు?" అని మొదటిసారి నవ్వాడు. "యూనివర్సిటీకి పొయ్యి అడుక్కోమంటా."

తిరిగొచ్చి వివరాలు రాస్తుంటే కృష్ణమూర్తి గారు వెనక నిలబడ్డారు. దాత ఉద్దేశం అన్న చోట 'సంస్కృతీ పరిరక్షణ' అని రాయమన్నారు. చెంగయ్య ఉద్దేశం సరిగ్గా దానికి ఎదురు. కానీ నాకు ఏ భావమూ లేదు కనక అలాగే రాశాను. బీరువా మీద మాత్రం చెంగయ్య అడిగినట్టే పెద్ద అక్షరాలతో పెట్టించాను: 'ముట్టుకోరాదు'.

ప్రారంభోత్సవానికి విజయవాడ నుంచి ఒక పెద్ద అధికారి వచ్చాడు. దాతల్ని ముందు వరసలో కూర్చోబెట్టాం. చెంగయ్య ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, తన పలకను అద్దంలోంచి చూసి, బోర్డు ఉందో లేదో సరిచూసుకుని, నిమ్మళంగా కూర్చున్నాడు. కృష్ణమూర్తి గారి ప్రసంగం సాగుతూ ఉంది. అధికారి ఆవలించాడు. ఆ ఆవలింత కృష్ణమూర్తి గారి ముఖంలో ఏం చేసిందో నేను దగ్గరగా చూశాను. బడిలో మాస్టారు తనవైపు చూడటం మానేసిన పిల్లవాడి బెంగ అది. ఇంత వయసొచ్చినా అది పోదు.

"ఇప్పుడు మన చెంగయ్య గారు ఆ పలకను స్వయంగా మీ ముందు వాయిస్తారు!"

చప్పట్లు. చెంగయ్య లేవలేదు.

"నేను కొట్టను సామీ."

"మొహమాటం వద్దు, రండి."

చెంగయ్య కాదనగలడన్న ఆలోచనకు ఆయన బుర్రలో చోటు లేదు. అందుకే 'కొట్టను' అన్న మాట ఆయన చెవిలో సిగ్గుగా మారిపోయింది.

"మొగమాటం కాదు సామీ. పేపరోళ్ళుండారు. ఈడ కొట్టినట్టు ఫోటో పడిందంటే, తిరపతిలో కొడ్తాడు, ఈడ కొట్టడా అంటారు మా ఊర్లో. దీన్ని మీకిచ్చిందే కొట్టకుండా ఉండేదానికి."

"అది అవమానం అని మీరెందుకు అనుకోవాలి? కళ! మీరు గర్వపడాలి."

"ఆ గర్వం మీరే పడండి సామీ. ఆడ బోర్డు సూడండి. ముట్టుకోగూడదని మీరే రాసినారు."

జోయల్ నా చెవిలో గొణిగాడు. "ముట్టుకోగూడదనే మాట ఇన్నాళ్ళకు మావోళ్ళ నోట్లోంచి వచ్చిందబ్బా."

కృష్ణమూర్తి గారు నవ్వుతూనే ఉన్నారు, పళ్ళతో మాత్రమే. "నియమాలు సందర్శకులకు. మునిచంద్రా, తాళం."

తాళం నా జేబులో ఉంది, చెయ్యి దాని మీద ఉంది. ఆ చెయ్యి ఏం చేస్తుందో చూద్దామని నేనూ అందరిలాగే ఎదురుచూశాను. చెంగయ్య నా వైపే చూస్తున్నాడు. చెయ్యి జేబులోంచి తాళం తీసి కృష్ణమూర్తి గారికి అందించింది. దానికీ ఏ భావమూ లేదు.

పలక బయటికి వచ్చింది. చెంగయ్య రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. అధికారి తనకు ఈ విషయాలు బాగా తెలుసునన్నట్టు, "దీన్ని మంటకు చూపించాలి కదా?" అన్నాడు. గ్రంథాలయంలో నిప్పు ముట్టించడం నిషేధం. తోలేమో ఏసీ చలికి తడిగుడ్డలా మెత్తబడి ఉంది. ఎవరో హెయిర్ డ్రయ్యర్ దొరుకుతుందేమో హాస్టల్లో అడగమన్నారు.

అధికారి వాచీ చూసుకున్నాడు. అంతే, కృష్ణమూర్తి గారు తెల్ల గుడ్డ తొడుగులు చేతులకు వేసుకుని, పలక తానే చంకకు తగిలించుకుని, పుల్లలు పట్టుకున్నారు. తప్. తప్. దిండు దులిపినట్టుంది. అధికారి మేలుకుని చప్పట్లు కొట్టాడు. కెమెరాలు మెరిశాయి. ఆ మెరుపులకు ఆయన భుజాలు కూడా కాస్త కదిలాయి. కాలు ఒకటి లేచింది.

చెంగయ్య మాత్రం కళ్ళార్పకుండా చూసి, చేతులు చంకల్లోంచి తీసి, అందరికన్నా గట్టిగా చప్పట్లు చరిచాడు.

"బాగా కొట్టినావు సామీ. చేతిలో పనుండాది!"

మరుసటి రోజు పేపర్లో రంగుల్లో ఫోటో పడింది. కింద, 'తిరుపతిలో పలక వాయిస్తున్న కృష్ణమూర్తి' అని ఉంది. ఆచార్య అన్న మాట స్థలం చాలక పోయిందో, విలేకరికి తోచలేదో. ఆయన కాస్త నొచ్చుకున్నా ఫోటోకు ఫ్రేము కట్టించి భాండాగారంలోనే వేలాడదీయించారు. చెంగయ్య కూడా ఒక పేపర్ కావాలని జోయల్‌కు ఫోన్ చేశాడు. జోయల్ దాన్ని లామినేషన్ చేయించి ఐరాల బస్సులో పంపాడు. తాళం ఇచ్చినందుకు చెంగయ్య నా మీద కోపంగా ఉన్నాడా అని జోయల్‌ను అడిగితే, "నీ మింద కోపమెందుకబ్బా, నీకేం భావముండదు గదా" అన్నాడు.

తర్వాత కొన్నాళ్ళకు, తనిఖీ కమిటీకి చూపించాల్సినవి సర్దుతుండగా గదిలో ఫోన్ మోగింది. పక్కనే ఉన్న కృష్ణమూర్తి గారు పేపర్ వాళ్ళేమోనని స్పీకర్ పెట్టమన్నారు.

"యూనివర్సిటీనా సార్? నేను మునిరత్నం, ఐరాల పక్కనించి మాట్లాడతాండా. మాయమ్మ పొయ్యింది సార్ పొద్దన."

"అయ్యో. చాలా బాధాకరం" అన్నాను.

"పెద్దపానం, పొయ్యింది. విషయమేందంటే, మా ఊరి పలక మీ కాడుండాదంట గదా. చెంగయ్యను పిలిస్తే, పలక ఆడికి పొయ్యింది, పని గూడా ఆడికే పొయ్యింది, ఇప్పుడు కొట్టేది ఈయన అని పేపర్ సూపిస్తాండాడు. మా పెద్దలు గూడా కట్టుబాటు ప్రకారం అదే నాయమన్నారు. మాయమ్మ కాటికాడ మేము కట్టుబాటు తప్పగూడదు గదా సార్? ఆ కృష్ణమూర్తి గాడు ఉండాడా? ఈడికి తోలిచ్చండి."

 జోయల్ ఒక పుస్తకాన్ని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పుస్తకం వణుకుతూ ఉంది.

కృష్ణమూర్తి గారి ముఖం ముందు ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. తనను 'గాడు' అనగలిగే మనుషులు లోకంలో ఉన్నారని ఆయనకు ఈ వయసులో తెలుస్తోంది. "నేనెవరో చెప్పు" అని పెదాలతోనే నాకు సైగ చేశారు.

"ఆయన అలా రారండి. ఆయన ఆచార్యులు" అన్నాను.

"ఏమన్నా కానీ సార్. తిరపతిలో కొడ్తాడు, ఈడ కొట్టడా? మేమేం ఊరికే కొట్టమన్లేదే. సారాయి పోస్తాము, కోడి కోస్తాము. ఇంగేం కావల్ల ఆయప్పకు?"

జోయల్ పుస్తకం వెనక నుంచి మెల్లగా అన్నాడు. "కళ సార్. గర్వపడల్ల."

ఫోన్ పెట్టేయమన్నట్టు కృష్ణమూర్తి గారు చెయ్యి ఊపారు. నేను చీటీల కట్ట పట్టుకుని నిలబడ్డాను. ఈసారి నా చెయ్యి కదల్లేదు. దానికి ఏదో ఒక భావం వచ్చినట్టుంది.

"సార్, ఉండారా?" అవతల మునిరత్నం తొందరపడుతున్నాడు. "ఇంగొగ మాట. పలక కాంచేదానికి నిప్పు ఆయప్పే తెచ్చుకుంటాడా, మేము పెట్టల్లనా?"