పి అక్షరం దగ్గర లివరు

మంగళవారం ఉదయం ఆరూ నలభైకి ప్రూఫ్‌రీడరు గాజు బీరువా తెరిచి, తన ఫ్రెంచి మడత కెమెరాలను ఒక్కొక్కటే విప్పి బల్ల మీద పెట్టాడు. తొంభై ఏళ్ల నాటి సరుకు. వారానికోసారి గాలి తగలకపోతే లెన్సు వెనకాల ఉండే తిత్తుల తోలు మడతల దగ్గర పగులుతుంది.

విప్పగానే తిత్తులు ఊపిరి తీయడం మొదలెట్టాయి. ఏ కెమెరా చివరిగా ఎవరిని ఫోటో తీసిందో వాళ్ల ఊపిరే దానిది. బావమరిదిది గురక పెడుతోంది. రెండేళ్ల కిందట పోయిన తల్లిది కదలదు. దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు.

భార్యది మూడు ఊపిర్లు తీసి, ఆగి, మళ్లీ అందుకుంటోంది.

“మా తమ్ముడు ఇంకా లేవలేదా?” వంటింట్లోంచి దగ్గుతూ అడిగింది ఆవిడ.

“లేవలేదు.”

“నాదెలా ఉంది?”

“బాగానే ఉంది.”

“తప్పులు దిద్దీ దిద్దీ మీకు అబద్ధం ఆడటం కూడా రాకుండా పోయింది.”

నిన్న తీసిన ఎక్స్‌రేలో ఆవిడ ఎడమ ఊపిరితిత్తిలో నీడ కనిపించింది. శుక్రవారం మరొకటి తీస్తామని, అప్పటికీ ఉంటే ఆపరేషనేనని డాక్టరు చెప్పింది.

ఆవిడ కెమెరా తిత్తికి చిల్లి పడిందేమోనని ఆయన మడత మడతా వేలితో తడిమాడు. ఏమీ దొరకలేదు. ఆఫీసుకు సెలవు చెప్పి కెమెరా రిపేరు ముసలాయన దగ్గరికి పట్టుకెళ్లాడు.

“చిల్లి లేదు,” అన్నాడు ముసలాయన, కంటికి భూతద్దం తగిలించుకుని. “లెన్సు పక్కనున్న ఈ లివరు పి అక్షరం దగ్గరుందేం?”

“ఎప్పుడూ ఐ మీదే తీస్తాను, చిటికెలో అయిపోతుంది. మా ఆవిడను కూర్చోబెట్టాను కదాని పోయిన బుధవారం పి పెట్టాను. పి అంటే పోర్ట్రెయిట్ కదా.”

ముసలాయన భూతద్దం తీసేశాడు. “ఊరందరి అక్షరాలూ దిద్దుతారు, ప్రూఫుగారూ. పి అంటే పోజు. ఫ్రెంచివాళ్ల పద్ధతి. ఒకసారి నొక్కితే కన్ను తెరుస్తుంది, రెండోసారి నొక్కితేనే మూస్తుంది. మీరెన్నిసార్లు నొక్కారు?”

“ఒకసారి. మడిచి బీరువాలో పెట్టేశాను. ఇప్పుడు ఆవిడకు ఒకటే దగ్గు.”

“అమ్మగారికి దగ్గెప్పటినుంచి?”

“గురువారం నుంచి.”

“అయితే ఆవిడ ఫోటో ఇంకా తీస్తూనే ఉన్నారు మీరు.”

ఆయన వేలు ఫోటో నొక్కే మీట మీదికి వెళ్లింది. ముసలాయన మణికట్టు పట్టుకున్నాడు.

“ఆవిడ ఎదురుగా లేకుండా మూస్తే, లోపలికి పోయింది లోపలే ఉండిపోతుంది. తీసిన చోటే కూర్చోబెట్టండి.”

కెమెరాను మడవకుండా రెండు చేతుల మధ్య పట్టుకుని బస్సెక్కాడు. ఎవరో సీటిస్తామన్నా వద్దన్నాడు. కూర్చుంటే పక్కవాళ్ల మోకాలు మీటకు తగలొచ్చు. మలుపులో ఎవరి సంచో మోచేతికి తగిలింది. తిత్తి ఆగిపోయింది. ఆయన నాలుగు దాకా లెక్కపెట్టాడు. ఐదుకు కదిలింది.

ఇంట్లో భార్య కిటికీ పక్క కుర్చీలో కూర్చుని జుట్టు సర్దుకుంది.

“ఊపిరి బిగబట్టనా, వదలనా?”

ఆ సంగతి ముసలాయనను అడగనే లేదు. “అప్పుడేం చేశావు?”

“మీరు కదలకన్నారు. బిగబట్టాను. ఆ తర్వాత మీరు అయిందనలేదు.”

ఆయన కెమెరాను ఆవిడ వైపు తిప్పాడు. “అయింది,” అని మీట నొక్కాడు.

టిక్కుమంది. ఆవిడ వదిలిన ఊపిరికి బల్ల మీది ప్రూఫు కాగితాలు లేచి పడ్డాయి. తిత్తి వంక చూసే ధైర్యం ఆయనకు రాలేదు.

శుక్రవారం రెండో ఎక్స్‌రే తీశారు. నాలుగు రోజుల తర్వాత రిపోర్టు కోసం వెళ్తే, నీడ లేదని రాసి ఉంది. కాగితం అందిస్తూ ఎక్స్‌రే గది ఉద్యోగి గొంతు తగ్గించాడు.

“డాక్టరమ్మకు చెప్పకండి సార్. మొన్న శుక్రవారం మేడమ్‌ను ఊపిరి బిగబట్టమని చెప్పి, పక్క గదిలో పిలిస్తే వెళ్లాను. వదలమనడం మరిచిపోయాను. తిరిగొచ్చేసరికి పదకొండు నిమిషాలు. ఆవిడ ఊపిరి వదలకుండా అలాగే నిలబడి గోడ మీది నోటీసు చదువుకుంటున్నారు.”