గెడ్డ నీళ్లు, బకెట్టు నీళ్లు

రవిబాబు మాస్టారికి ‘నాకు తెలీదు’ అనడం తెలీదు. అదే ఆయన రోగం. హుకుంపేట అవతల కొండ మీది ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెబుతాడు. చుట్టుపక్కల గూడేల్లో బీఎడ్ చదివిన మొదటి మనిషి. తరగతి గుమ్మం పక్కన ఒక అట్టపెట్టె పెట్టి, పిల్లల్ని అడగాలనిపించిందల్లా చీటీ మీద రాసి వెయ్యమన్నాడు. మిణుగురు ఎందుకు వెలుగుతుంది? పొద్దెక్కితే పొగమంచు ఎక్కడికి పోతుంది? వానొస్తుందని చీమలకి ఎవరు చెబుతారు? శనివారం పెట్టె తెరిచి, తడుముకోకుండా అన్నిటికీ జవాబు చెప్పేవాడు. నోళ్లు తెరుచుకుని వినే పిల్లల్ని చూస్తే ఆయనకి కడుపు నిండిపోయేది.

జూన్‌లో బడి తెరవగానే ఏడో తరగతి సోని చీటీ వేసింది. మామిడి టెంక పిండిని గెడ్డలోనే ఎందుకు నానబెట్టాలి, బకెట్లో పెడితే వగరు పోదా అని.

ఆ పిల్ల ఊరికే అడగలేదు. అమ్మమ్మ యర్రమ్మ ఏటా టెంకలు ఎండబెట్టి, పగలగొట్టి, లోపలి జీడిని దంచి, పిండిని మూటగట్టి గెడ్డలో, పారే వాగు నీళ్లలో, నాలుగు రోజులు ఉంచుతుంది. ఇంట్లో గింజలు నిండుకున్న వానాకాలంలో ఆ పిండితో కాచిన అంబలే కూడు. గెడ్డేమో లోయలో ఉంది. ముసలిదానికి మోకాళ్లు పోయాయి.

మాస్టారు బోర్డు మీద ‘టానిన్’ అని రాశాడు. “వగరంటే ఇదే. నీళ్లలో కరిగి పోద్ది. గెడ్డయితే ఏటి, బకెట్టయితే ఏటి, నీళ్లు నీళ్లే కదే గుంటా! ఆనక ఉడికిత్తే పురుగూ పుట్రా అన్నీ సత్తాయి. లోయలోకి దిగొద్దని మీ అమ్మమ్మకి సెప్పు.”

సోని నోటుబుక్కులో రాసుకుంది. మాస్టారి తల్లి కూడా గెడ్డలోనే నానబెట్టేది. ఎందుకని ఆయన ఏనాడూ ఆమెని అడగలేదు. పుస్తకంలో లేని సంగతి అమ్మకేం తెలుసులే అనుకున్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ఆదివారం సోని ఇంటికెళ్లి చెబితే యర్రమ్మ ఒప్పుకోలేదు. “కదలని నీళ్లు కుళ్లిపోతాయే,” అంది. “సారు సెప్పారు,” అంది సోని. సారు మాట ముందు ముసలిదాని మాట ఎంత? పిండి బకెట్లో నానింది. తీసి ఆరబెడితే ముసురుకి సరిగా ఎండలేదు, బూజు పట్టింది. ఉడికిస్తే అన్నీ చస్తాయన్నారు కదా అని యర్రమ్మ అంబలి కాచుకుంది. సోని హాస్టల్లో ఉంది. తల్లి కనక కాఫీ తోటలో కలుపు పనికి పోయింది. ముసలిది ఒక్కతే తిన్నది. రెండు రోజులు వాంతులయ్యాయి. ఆసుపత్రికని మోసుకెళ్తుంటే దారిలోనే పోయింది.

ఉడికిస్తే బూజు చస్తుంది, అది వదిలిన విషం చావదు. ఈ ముక్క రవిబాబు యర్రమ్మని పూడ్చి వచ్చాక ఫోనులో చదివాడు.

వారం తిరక్కుండా గూడేనికి మెడికల్ క్యాంపు వచ్చింది. డాక్టర్ సాయినాథ్ విశాఖ మనిషి, మంచివాడే. “టెంకలు తినడమేంటి మాస్టారూ! అంతా మూఢత్వం. మీరు చదువుకున్నవారు, మీరే మార్చాలి,” అన్నాడు. తర్వాత జనం వైపు తిరిగి, ఎవరికైనా అనుమానాలుంటే అడగమన్నాడు.

కనక లేచింది. ఆమెకి తెలుగు రాదు. ఆదివాసీ ఒరియాలోనే, ఎవర్నీ తిట్టకుండా, చేతులు కట్టుకుని మాస్టారితో అంది. “సారూ, మీరు సెప్పినట్టే మాయమ్మ బకెట్లో నానబెట్టింది, ఉడికించింది. మరి తప్పెక్కడ సేసిందో డాక్టరుబాబుని అడగండి. వచ్చే ఏడు ఆ తప్పు సెయ్యం.”

“ఏమంటోంది?” అన్నాడు డాక్టరు.

రవిబాబు గుంపు వైపు చూశాడు. ఆ గుంపులో రెండు భాషలూ సరిగ్గా వచ్చినవాళ్లు ఇద్దరే. ఒకరు తను. రెండోది, కనక పక్కన కూర్చున్న సోని. ఆ పిల్లకి తెలుగు నేర్పింది తనే.

“తినేముందు చేతులు కడుక్కోవాలా అని అడుగుతోంది సార్,” అన్నాడు రవిబాబు.

“చూశారా! ఎంత మంచి ప్రశ్న వేసిందో! తప్పకుండా కడుక్కోవాలి, సబ్బుతో కడుక్కోవాలి.” డాక్టరు అందరిచేతా చప్పట్లు కొట్టించి, కనక చేతిలో ఒక సబ్బు పెట్టాడు.

కనక ఆ సబ్బుని అటూ ఇటూ తిప్పి చూసి, కూతురి వైపు తిరిగింది. “ఏటన్నారే?”

సోని మాస్టారి వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు. ఆ చీటీ రాసింది సోని. జవాబు ఇంటికి మోసుకెళ్లిందీ సోనీయే. తల్లి వైపు తిరిగింది.

“అమ్మమ్మ సేతులు కడుక్కోలేదంట,” అంది.

“అయ్యో, ఓయమ్మా! సేతులు కడుక్కుంటే బతికుందువు కదే,” అని కనక గుండెలు బాదుకుంది.

ఆ మాట తెలుగులో చెప్పమని రవిబాబుని ఎవరూ అడగలేదు.