ఎనిమిదో కోత

"ఎర్రగడ్డ లేదని సతాయిస్తావెందుకు? కిటికీలో గ్లాసు మీద ఒకటి ఉండాది కదా, కోసి పడెయ్" అన్నాడు డెరిక్, ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

వేమగల్ నుంచి కంపెనీ వ్యాను దిగి, వచ్చీ రాగానే పొయ్యి మీద పప్పు పెట్టింది జెసింతా. ఊరిగాంలో బంగారు గని కూలీలకు ఎప్పుడో కట్టిన పాత ఇల్లు, రెండడుగులేస్తే కిటికీ. గ్లాసు అంచున కూర్చున్న ఉల్లిగడ్డకు నీళ్ళలోకి తెల్లటి వేళ్ళు దిగాయి. కూతురు ప్రిన్సీ నాలుగు రోజులుగా నీళ్ళు మారుస్తూ పెంచుకుంటోంది. రేపు కాలేజీలో ఆ వేరు కొసను మైక్రోస్కోపు కింద పెడితే ఒక కణం రెండుగా చీలడం కనిపిస్తుందట. "అచ్చు దాని మాదిరే ఇంగోటిమా, పిసరంత తేడా ఉండదు" అని పొద్దున జడ వేసుకుంటూ చెప్పింది.

"అది పాపది. రేపు ప్రాక్టికల్ ఉండాది."

"ఇంగేం ప్రాక్టికల్? రేపటి నుంచి పాప కాలేజీకి పోదు. మా అమ్మకు పక్క మార్చను, గంజి తాపను ఇంటికొక ఆడమనిషి ఉండాల. నువ్వు చూస్తే పనికి పోతాండావు."

లోపల అవ్వకు ఒళ్ళు తుడుస్తున్న ప్రిన్సీ చేయి ఆగిపోయింది.

తుంటి విరిగి అత్త మంచాన పడి నెల. పొద్దున జెసింతా, సాయంత్రం ప్రిన్సీ, మధ్యాహ్నం పాపం పక్కింటి సొన్నమ్మ. రాత్రి గోడౌను కాపలాకు పోయే డెరిక్ పగలంతా ఇంట్లోనే ఉంటాడు. ఉండి ఏం లాభం? తల్లి పిలిస్తే సొన్నమ్మను కేకేస్తాడు మహారాజు!

ఇంటికొక ఆడమనిషి. ఈ మాట జెసింతాకు కొత్తా? గనులు మూసేసిన ఏడాది అమ్మ రైలెక్కి బెంగళూరు పనికి పోతే, పదో తరగతిలో ఉన్న తనను, మంచాన పడిన తన అవ్వకు గంజి తాపడానికి ఇదే మాట చెప్పి నిలిపేశారు. అమ్మను ఐదులోనే నిలిపేశారట. పెళ్ళయ్యాక డెరిక్ పదిమందిలో "అచ్చు మా అమ్మ మాదిరే చాకిరీ చేస్తాది" అని మెచ్చుకుంటే పిచ్చిదానిలా మురిసిపోయింది కూడా. తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది.

వేమగల్ టిష్యూ కల్చర్ ల్యాబులో రోజంతా తను చేసే పనీ అదే, అచ్చు దాని మాదిరే ఇంకోటి. అరటి పిలకను బ్లేడుతో ముక్కలు కోసి సీసాల్లో నాటితే ప్రతి ముక్కా మళ్ళీ అదే మొక్క. దాన్ని మళ్ళీ కోత. కానీ ఎనిమిదో కోత దాటితే సూపర్‌వైజరు అశ్వత్థప్ప ఆ వరసంతా పారేయిస్తాడు. "బాగానే ఉండాయి కదన్నా" అని ఉసూరుమంటే, "చూసేకి బాగానే ఉంటాయమ్మా. లోపల చెడింది కనపడదు. యాడో ఒక చోట ఆపాల" అంటాడు.

జెసింతా స్టవ్ ఆపింది.

"పాప కాలేజీకి పోతాది."

"మరి అమ్మను ఎత్తేదెవరు, నేనా? కొడుకు తుడిస్తే ఆమెకు సిగ్గు కాదా?"

"నీ ముడ్డి కడిగినప్పుడు ఆమెకు సిగ్గయినాదా?"

జెసింతా లోపలికి వెళ్ళి ప్రిన్సీ చేతిలోని తడిగుడ్డ తీసుకుంది. "పో, గ్లాసులో నీళ్ళు మార్చుకో" అని, ఆ గుడ్డ తెచ్చి డెరిక్ ఫోన్ మీద వేసింది.

"పగలంతా ఇంట్లో ఒక మనిషి ఉండాడు కదప్పా. లెయ్. ముందు చేతులు కడుక్కో."